వాకిట్లోకి వచ్చిన చవక డీజిల్ పోయించుకోవచ్చా?

ప్రశ్న: అన్నా, మాది పలమనేరు పక్కన పల్లె. ఆరెకరాలు మామిడి, మూడెకరాలు టమాటా. ఇంట్లో మూడు డీజిల్ ఇంజన్లు ఉన్నాయి. మా నాయన కొన్న ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్, పదిహేనేళ్ల నాటి ట్రాక్టర్, పోయిన ఏడాది లోను మీద తీసుకున్న బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) పికప్. అన్నీ కలిపి నెలకు 300 లీటర్లు తాగుతాయి. నెల రోజులుగా మా ఊరికి చిన్న ట్యాంకర్ ఒకటి వస్తోంది. బయోడీజిల్ అంటున్నారు, బంకు రేటు మీద లీటరుకు 14 రూపాయలు తక్కువ. చాలామంది పోయించుకుంటున్నారు. నేనూ రెండు క్యాన్లు తీసుకున్నా, ఇంకా దేంట్లోనూ పోయలేదు. చెనిక్కాయ నూనెతోనే ఇంజన్ నడుస్తుంది, దీనికేం భయం అంటాడు మా నాయన. తమ్ముడేమో బంకులో ప్రీమియం డీజిల్ పోయించమంటాడు. ఇంకొందరు కర్ణాటక బార్డర్ దాటి నింపుకుని రమ్మంటారు. మా ట్రాక్టర్ నల్లపొగ కూడా వదులుతోంది, డీజిల్ తేడానో ఏమో. దేంట్లో ఏది పోయాలో ఒక్క మాటలో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

తమ్ముడూ, ఆ రెండు క్యాన్లు ఇంకా దేంట్లోనూ పోయలేదని రాశారు చూడండి, ఆ మాట చదివాక నా ప్రాణం కుదుటపడింది. వాటి సంగతి చివర్లో చెబుతాను. అంతవరకు మూత తీయకండి, ముఖ్యంగా పికప్ దగ్గరికి తీసుకుపోకండి.

ఒక్క మాటలో చెప్పమన్నారు కదా. మూడింటికీ నమ్మకమైన బంకులో మామూలు డీజిల్ పోయించండి. ప్రీమియం అక్కర్లేదు, ట్యాంకర్ సరుకు వద్దు, నూనె అసలే వద్దు. కానీ మీ చుట్టూ నలుగురు నాలుగు మాటలు చెబుతున్నారు. ఎందుకు వద్దంటున్నానో తెలియకపోతే వచ్చే నెల ఎవరో ఒకరు మీ మనసు మార్చేస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తిరుపతిలో డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసే పనిలో నాకు ముప్పై ఏళ్లు దాటాయి. ఇంజన్ పోయిందని గుండె పట్టుకుని వచ్చే రైతులను ఎందరినో చూశాను. విప్పి చూస్తే చాలాసార్లు ఇంజన్ బాగానే ఉంటుంది, దెబ్బతిన్నది పంపు. డీజిల్ ఇంజన్‌లో పెట్రోల్ బండికి ఉన్నట్టు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది కాలిపోయేంత వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్‌ను పొగమంచంత సన్నటి తుంపరగా కొడితే తనంతట తానే అంటుకుంటుంది. కొట్టే పని పంపుది, తుంపర చేసే పని నాజిల్‌ది. ఏ ఇంధనం పోయాలన్నది తేల్చేది ఈ రెండే.

పాత ట్రాక్టర్ పంపు మా బెంచి మీదికి వస్తే నేను మొదట చూసేది ప్లంజర్‌ను. చిటికెన వేలంత ఉక్కు కడ్డీ అది, ఉక్కు గొట్టంలో పైకీ కిందికీ ఆడుతుంది. శుభ్రమైన డీజిల్‌లో ముంచి, గొట్టాన్ని కాస్త వాల్చి పట్టుకుని, ప్లంజర్‌ను సగం పైకి లాగి వదులుతాను. మంచిదైతే తన బరువుకు తానే నింపాదిగా, తేనె జారినట్టు దిగుతుంది. అరిగిపోయినదైతే టక్కున పడిపోతుంది. ఆ కడ్డీకీ గొట్టానికీ మధ్య ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందమే డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే ఆ సందు ఎంత సన్ననిదో చూడండి. అక్కడికి ఇంజన్ ఆయిల్ చేరదు, గ్రీజు చేరదు. ఆ ఉక్కు మీద ఉక్కు రాసుకోకుండా అడ్డుపడేది డీజిల్ పొర ఒక్కటే. మనం పోసే డీజిల్ ఇంజన్‌కు మంట, పంపుకు నూనె. చవక సరుకు అమ్మేవాళ్లు మంట చూపిస్తారు. ఒక గుడ్డ తడిపి అంటించి, "చూడన్నా, ఎట్లా మండుతోందో" అంటారు. మండటం నిజమే. ప్లంజర్‌కు కావాల్సింది ఆ మంటలో కనపడదు.

ఇప్పుడు మీ మూడింటి సంగతి. ఆయిల్ ఇంజన్‌లో నాజిల్ దాదాపు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లర, దాన్ని బట్టి ఊహించుకోండి. మీ ట్రాక్టర్ వయసును బట్టి దానిదీ మామూలు మెకానికల్ పంపే అయి ఉంటుంది. పికప్ లెక్క వేరు. అందులో కామన్ రైల్ ఉంటుంది, అంటే నాజిళ్లన్నిటికీ (వీటిని ఇంజెక్టర్లంటారు) డీజిల్ అందించే ఒకే గొట్టం. దాంట్లో ఒత్తిడి వెయ్యి బార్ పైమాటే, కొన్ని బండ్లలో 2,000 దాకా పోతుంది. ఇంజెక్టర్ రంధ్రం రెండు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. ఒక్కసారి పిస్టన్ దిగేలోపు కంప్యూటర్ చెప్పినట్టు రెండు మూడు సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఆయిల్ ఇంజన్ తట్టుకునే మురికిని పికప్ పంపు ఒక్క రోజు కూడా తట్టుకోదు. మీ నాయన అనుభవమంతా మొదటి ఇంజన్‌తో వచ్చింది. ఆయన చెప్పేది ఆ ఇంజన్ వరకు కొంత నిజం, పికప్‌కు ఏ మాత్రం పనికిరాదు.

బంకు డీజిల్ గురించి కొంచెం. దాని పూర్తి పేరు హై స్పీడ్ డీజిల్. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 రకమే అమ్ముతున్నారు. అంతకు ముందు బీఎస్-4 డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాల్లో 50 భాగాల దాకా ఉండొచ్చు, ఇప్పుడు 10 దాటకూడదు. గంధకం తీసేటప్పుడు డీజిల్‌లో సహజంగా ఉండే జారుడు గుణం కూడా కొంత పోతుంది. ఇది విని, కొత్త డీజిల్ పాత ఇంజన్లను అరగదీస్తుందని మన వైపు చాలామంది భయపడ్డారు. కొందరు ట్యాంకులో పాత స్కూటర్ల పెట్రోల్‌లో కలిపే టూ-టీ ఆయిల్ కలపడం కూడా మొదలుపెట్టారు. అవసరం లేదు. పోయిన జారుడు గుణాన్ని రిఫైనరీలోనే మందు కలిపి తిరిగి తెస్తారు. ఒక ఉక్కు గుండును డీజిల్‌లో పెట్టి రాపిడి చేసి చూస్తారు, దాని మీద పడే గీత వెడల్పు 460 మైక్రాన్లు మించకూడదని నిబంధన. అలాగే సీటేన్ నంబర్ కనీసం 51 ఉండాలి. సీటేన్ అంటే తుంపర కొట్టాక ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే లెక్క. అది తక్కువైతే పొద్దున్నే స్టార్టింగ్ మొండికేస్తుంది, ఇంజన్ టకటకమని కొడుతుంది, తెల్లపొగ వస్తుంది. మీ నాయన కాలం ఆయిల్ ఇంజన్‌కు కూడా ఈ డీజిల్ నిక్షేపంలా సరిపోతుంది. నిమిషానికి 650 చుట్లు తిరిగే పాత లిస్టర్ రకం నెమ్మది ఇంజన్లకు ఒకప్పుడు లైట్ డీజిల్ ఆయిల్ వాడేవాళ్లు, అది 750 చుట్ల లోపు తిరిగే వాటికే. మీ ఇంజన్ రేకు మీద ఆర్‌పీఎం చూడండి, 1,500 అని ఉంటే ఆ ఊసే వద్దు.

ఇక ఆ ట్యాంకర్. నిజమైన బయోడీజిల్ మంచి వస్తువే, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. నూనెకు మిథనాల్, కాస్త కాస్టిక్ సోడా కలిపి చర్య జరిపిస్తే గ్లిజరిన్ అడుగుకు దిగి, పైన పల్చటి ఇంధనం తేలుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, పరీక్షించాక బయోడీజిల్ అంటారు. దానికి ఐఎస్ 15607 అని ప్రమాణం ఉంది. బంకు డీజిల్‌లోనే 7 శాతం దాకా కలపడానికి నిబంధన ఒప్పుకుంటుంది. 2030 నాటికి దేశమంతా 5 శాతం కలపాలని 2018 జీవ ఇంధన విధానంలో లక్ష్యం పెట్టుకున్నారు. జారుడు గుణం బయోడీజిల్‌లో డీజిల్ కంటే ఎక్కువ కూడా.

అయినా నూటికి నూరు శాతం బయోడీజిల్ మీ బండ్లలో పోయమని చెప్పలేను. అది ట్యాంకు అడుగున పదిహేనేళ్లుగా పేరుకున్న జిడ్డునంతా కరిగించి తెచ్చి ఫిల్టర్‌లో పోస్తుంది. పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. గాలి తగిలితే చెడిపోతుంది, నెలల తరబడి డ్రమ్ములో ఉంచితే పులిసిన వాసన వస్తుంది. లీటరుకు లీటరు చూస్తే దాంట్లో శక్తి డీజిల్ కంటే 8 శాతం దాకా తక్కువ. మీ లెక్కనే తీసుకుందాం. బంకులో లీటరు 97, ట్యాంకర్‌లో 83 అనుకోండి. 300 లీటర్ల మీద 4,200 మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ అదే పనికి 326 లీటర్లు తగలబెట్టాలి. చివరికి చేతిలో మిగిలేది దాదాపు 2,000 రూపాయలు. ఇది సరుకు అసలుదైతే చెప్పే లెక్క.

ఆ సరుకు అసలుది కాదనే నా గట్టి అనుమానం. బయోడీజిల్ అమ్మకానికి 2019లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అనుమతి ఉండాలి, నాణ్యత పరీక్ష ఉండాలి. ఇంటి దగ్గరికే డీజిల్ తెచ్చే బండ్లు చట్టబద్ధంగా కూడా ఉన్నాయి. వాటి మీద ఆయిల్ కంపెనీ పేరు ఉంటుంది, ముద్ర వేసిన మీటరు ఉంటుంది, బిల్లు ఇస్తారు. మీ ఊరికి వచ్చేదాని దగ్గర బిల్లు అడగండి. జవాబు మీకే తెలిసిపోతుంది. బయోడీజిల్ పేరుతో ఫ్యాక్టరీల్లో వాడే పలచటి నూనెలు, సాల్వెంట్లు, కిరసనాయిలు లాంటివి కలిపి అమ్మే దందా చాలా చోట్ల ఉంది. 2021లో గుజరాత్ ప్రభుత్వం దీని మీద పెద్ద ఎత్తున దాడులే చేయించాల్సి వచ్చింది. అలాంటి కలగాపులగంలో సీటేన్ ఎంతో, జారుడు గుణం ఎంతో, ఎన్ని డిగ్రీల దగ్గర ఆవిరి అంటుకుంటుందో అమ్మేవాడికే తెలియదు. డీజిల్ ఆవిరి 35 డిగ్రీల లోపు అంటుకోకూడదని నిబంధన. సాల్వెంట్ కలిస్తే ఆ రక్ష పోతుంది. మే నెలలో రేకుల షెడ్డులో అలాంటి క్యాన్ ఉండటమే ప్రమాదం.

రెండేళ్ల కిందట మామిడి సీజన్‌లో పుత్తూరు వైపు నుంచి ఒక పికప్‌ను తాడు కట్టి లాక్కొచ్చారు. రెండు నెలలు ఇలాంటి ట్యాంకర్ సరుకే పోశారట. ఫిల్టర్ గిన్నె విప్పి అందులోది తెల్ల పళ్లెంలో పోశాను. ఎండలో పట్టి చూస్తే వెండి పొడి చల్లినట్టు తళతళా మెరిసింది. పంపు లోపల ఉక్కు రాసుకుని రాలిన రజను అది. ఆ అబ్బాయి మెరుపు చూసి "ఏందన్నా ఇది, రంగా?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. రజను పంపులోనే ఆగదు, రైలులోకి పోతుంది, అక్కడి నుంచి నాలుగు ఇంజెక్టర్లలోకి పోతుంది. కడిగితే పోదు. పంపు, రైలు, ఇంజెక్టర్లు అన్నీ మార్చి, ట్యాంకు దించి కడగాల్సి వచ్చింది. బిల్లు లక్ష దాటింది. ఇంధనం తేడా కాబట్టి వారంటీ వర్తించలేదు. అతను మిగుల్చుకున్నది ఆరేడు వేలు. ఈఎంఐ కట్టాల్సిన బండి సీజన్ నడిమధ్య పన్నెండు రోజులు మా షెడ్డులో నిలబడింది. మీ పికప్ మీద కూడా లోను ఉందని రాశారు కాబట్టి ఇంత చెబుతున్నాను.

ఇక మీ నాయన మాట. ఆయనతో వాదించకండి, ఆయన చెప్పినదానికి చరిత్రే సాక్ష్యం. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను నిజంగానే చెనిక్కాయ నూనెతో నడిపారు. ఆఫ్రికాలో ఫ్రెంచి వాళ్ల వలసల్లో చెనిక్కాయ బాగా పండేది, అక్కడి పంటతోనే ఇంజన్లు నడపవచ్చా అని చూడటానికి ఫ్రెంచి ప్రభుత్వం అడిగి చేయించిన పని అది. ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే తర్వాత ఈ సంగతి చెప్పాడు. చూసినవాళ్లలో చాలామందికి అది నూనె మీద నడుస్తోందని కూడా తెలియలేదట. చెనిక్కాయ పండించే మన జిల్లాలో పుట్టినవాడికి ఈ మాట వింటే ఛాతీ ఉప్పొంగుతుంది, నాకూ అలాగే అనిపించింది.

కానీ కొన్ని గంటలు నడిచి చూపించడం వేరు, సీజన్ పొడుగునా నీళ్లు తోడటం వేరు. చిక్కదనమే చిక్కు. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలని నిబంధన. చెనిక్కాయ నూనె అదే వేడికి 40 చుట్టుపక్కల ఉంటుంది. అంత చిక్కటిదాన్ని నాజిల్ తుంపర చేయలేదు, ధారగా చిమ్ముతుంది. ఆ ధార పూర్తిగా కాలదు. నాజిల్ మూతి మీద బొగ్గు పువ్వులా పేరుకుంటుంది, పిస్టన్ రింగులు అతుక్కుపోతాయి, కాలని నూనె కిందికి జారి ఇంజన్ ఆయిల్‌ను బంకలా చేస్తుంది. అలాంటి ఇంజన్ తెరిస్తే వచ్చే వాసన అడుగంటిన మూకుడు వాసన. పైగా ఇప్పుడు గానుగ నూనె ధర డీజిల్ ధరకు ఎన్ని రెట్లో మీకు తెలియంది కాదు. పెళ్లిళ్లలో, హోటళ్లలో వాడేసిన నూనె చవకే. కానీ దాంట్లో నీళ్లు, ఉప్పు, మాడిన పిండి ఉంటాయి, ఆమ్లం ఎక్కువవుతుంది, పంపు లోపల తుప్పు పడుతుంది. 2018 నుంచి ఆహార భద్రత సంస్థ అలాంటి నూనెను సేకరించి బయోడీజిల్ తయారీకి పంపే ఏర్పాటు పెట్టింది, అటు పోవాల్సిన సరుకు అది. కానుగ నూనె, అడవి ఆముదం సంగతీ ఇంతే. తయారీ ప్లాంటులో బయోడీజిల్‌గా మారితే ఇంధనం, మారకపోతే దీపానికి నూనె.

ఇక మీ తమ్ముడు చెప్పిన ప్రీమియం డీజిల్. ఎక్స్‌ట్రా గ్రీన్, టర్బోజెట్ లాంటి పేర్లతో అమ్మేది ఆ కంపెనీల అదే డీజిల్, అందులో నాజిళ్లను శుభ్రంగా ఉంచే మందు కలుస్తుంది. మోసం కాదు. పికప్‌కు ఎప్పుడైనా ఒక ట్యాంకు పోయిస్తే నష్టం లేదు. ట్రాక్టర్‌కు, ఆయిల్ ఇంజన్‌కు మాత్రం ఆ డబ్బు దండగ. నన్నడిగితే ఆ తేడా డబ్బుతో కంపెనీ ఫిల్టర్ కొని చెప్పిన టైముకు మార్చండి. పంపు ఆయుష్షు దానితోనే ఎక్కువ పెరుగుతుంది.

బార్డర్ డీజిల్ మీద భయం అక్కర్లేదు. అక్కడ చవకగా ఉండేది రాష్ట్ర పన్ను తక్కువ కాబట్టి, సరుకు ఇక్కడిలాంటి బీఎస్-6 డీజిలే. టమాటా వేసుకుని కోలారు మార్కెట్‌కు పోయినప్పుడు నంగలి దాటాక ట్యాంకు నింపుకుని రండి, అది తెలివైన పని. దానికోసమే బండి తీసుకుపోవద్దు, పోను రాను ఖర్చు లెక్కేస్తే ఏమీ మిగలదు. క్యాన్లతో మోసుకురావడం అంతకన్నా వద్దు.

నల్లపొగకు డీజిల్‌ను అనుమానించారు. నాకైతే డీజిల్ మీద అనుమానం లేదు. నల్లపొగ అంటే గాలి చాలక డీజిల్ సగం కాలడం. ముందు ఎయిర్ క్లీనర్ తీసి చూడండి. మన ఎర్రమట్టి దుక్కుల్లో తిరిగే ట్రాక్టర్‌కు అది నెలలోనే మూసుకుపోతుంది. ఆయిల్ బాత్ రకమైతే (గాలిలోని దుమ్మును ఆయిల్‌లో పట్టేది) అడుగున ఎర్రటి ముద్ద కనిపిస్తుంది, తీసి కడిగి కొత్త ఆయిల్ పోయండి. అప్పటికీ పోకపోతే నాజిళ్లు విప్పించి బెంచి మీద పరీక్ష చేయించండి. పంపు సీలు పగలగొట్టి డీజిల్ పెంచే మెకానిక్ దగ్గరికి మాత్రం పోవద్దు, పొగ ఇంకా ఎక్కువవుతుంది.

పికప్‌లో ఇంకో సంగతి. డీజిల్ మూత పక్కన నీలం మూత ఉందేమో చూడండి. ఉంటే అందులో పోయాల్సింది యాడ్‌బ్లూ అనే ద్రవం, ఖనిజాలు తీసేసిన నీళ్లలో 32.5 శాతం శుద్ధమైన యూరియా. పొరపాటున కూడా అది డీజిల్ ట్యాంకులో పడకూడదు. పడితే తాళం చెవి తిప్పకుండా బండిని లాక్కుపోయి ట్యాంకు దించాలి. యూరియానే కదా, ఇంట్లో ఎరువు బస్తా ఉంది కదా అని బోరు నీళ్లలో కలిపి పోసినవాళ్లను చూశాను. ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, బోరు నీళ్లలో సున్నం ఉంటుంది. రెండూ కలిసి సైలెన్సర్ దగ్గర పొగను శుభ్రం చేసే ఖరీదైన క్యాటలిస్టును పాడుచేస్తాయి. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూలో గంటల తరబడి ఇంజన్ ఆన్‌లో పెట్టి కూర్చోవద్దు కూడా. మసి పట్టే ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి వేడెక్కి పరుగెత్తాలి. మొగిలి ఘాట్ ఎక్కినప్పుడు అది జరుగుతుంది, క్యూలో నిలబడితే మసి పేరుకోవడమే.

బంకు ఎంచుకోవడంలో మీ హక్కులు తెలుసుకోండి. ప్రతి బంకులో ఆ రోజు డీజిల్ సాంద్రత, అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో, రాసిపెట్టాలి. అడిగితే జాడీలో పోసి హైడ్రోమీటర్‌తో చూపించాలి. ఎండకు డీజిల్ సాగుతుంది, డిగ్రీకి సాంద్రత 0.7 దాకా తగ్గుతుంది. బోర్డు మీద రాసేది 15 డిగ్రీల లెక్క, కాబట్టి మధ్యాహ్నం జాడీలో పది ఇరవై తక్కువ కనిపిస్తే గాబరా పడొద్దు, పట్టిక చూసి మార్చి చెప్పమనండి. మార్చాక కూడా 3 కంటే ఎక్కువ తేడా ఉంటే అప్పుడు అనుమానించాలి, కిరసనాయిలు కలిస్తే సాంద్రత పడిపోతుంది. కొలత మీద అనుమానముంటే ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమనండి. మీ హక్కు అది, మొహమాటపడొద్దు.

మంచి బంకులో పోయించుకున్న డీజిల్‌ను మన ఇంట్లోనే పాడుచేసుకుంటున్నాం, నాకు ఎక్కువ బాధ అక్కడే. తుప్పు పట్టిన జింకు డ్రమ్ము, పురుగుమందు క్యాన్, మూత బదులు కుక్కిన గోనెముక్క. జింకు డీజిల్‌తో కలిసి జిగురు తయారుచేస్తుంది, ఆ డ్రమ్ములు వద్దే వద్దు. డీజిల్‌కు మాత్రమే వాడే ఒక క్యాన్ పెట్టుకోండి. పోశాక ఒక రాత్రి కదపకుండా ఉంచండి, నీళ్లూ మట్టీ అడుగుకు చేరతాయి. పొద్దున పై భాగమే సన్నటి జల్లెడ గరాటుతో పోసుకుని అడుగు రెండు వేళ్ల లోతు వదిలేయండి. సాయంత్రం పని అయ్యాక ట్రాక్టర్ ట్యాంకు నింపి పెడితే ఖాళీ జాగాలో రాత్రి చెమ్మ పట్టదు. నవంబరు వానల్లో ఇది మరీ ముఖ్యం. 2021 నవంబరు వరదల తర్వాత తిరుపతిలో మా షెడ్డుకు వచ్చిన పంపులన్నీ నీళ్లు పోయిన పంపులే. ప్లంజర్ మీద కాఫీ రంగు మరకలు, కొన్ని గొట్టంలోనే బిగుసుకుపోయాయి, సుత్తితో కొట్టినా రాలేదు. పికప్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది, వారానికోసారి గాజు సీసా పట్టి కాస్త వదలండి. మీటర్ బోర్డు మీద నీళ్ల లైటు వెలిగితే ఆ రోజే వదలాలి.

ఇక ఆ రెండు క్యాన్లు. ట్రాక్టర్ పాతదే కదా, దాంట్లో పోసేద్దాం అని మీ ఇంట్లో ఎవరో అంటారు. వద్దు. సగానికి సగం డీజిల్ కలిపి పోద్దామంటే అదీ వద్దు. చేనుగట్టు మీద పారబోయకండి, బావి నీళ్లు పాడవుతాయి. ఇంటికి, పొయ్యికి, పశువుల పాకకు దూరంగా నీడలో పెట్టి, ఈసారి ట్యాంకర్ వచ్చినప్పుడు తిరిగి ఇచ్చి డబ్బు అడగండి. ఇవ్వకపోయినా క్యాన్లు వెనక్కి తెచ్చుకోవద్దు. బండి నంబర్ రాసుకుని మండలంలో పౌర సరఫరాల వాళ్లకు చెప్పండి. మీ ఒక్కరి పేరు బయటికి వస్తుందని భయమైతే పోయించుకున్న నలుగురూ కలిసి వెళ్లండి. ఇచ్చేముందు మాత్రం ఒక పని చేయండి. కడిగి ఆరబెట్టిన గాజు సీసాలు రెండు తీసుకుని, ఒకదాంట్లో బంకు డీజిల్, ఇంకోదాంట్లో ఆ క్యాన్ సరుకు పోసి మూత బిగించి, మీ నాయన ముందు, తమ్ముడి ముందు ఒక రాత్రి బయట, నిప్పుకు దూరంగా పెట్టండి. పొద్దున రంగు, అడుగున తేరుకున్నది, మూత తీయగానే వచ్చే వాసన ముగ్గురూ చూడండి. సీసాలో తేడా కనపడకపోయినా దాన్ని బండిలో పోయవద్దు, జారుడు గుణం కంటికి కనపడదు. ఏం కనిపించిందో, ట్రాక్టర్ ఎయిర్ క్లీనర్‌లో ఏముందో నాకు రాయండి. పొగ తగ్గకపోతే నాజిళ్లు ఎవరితో విప్పించాలో అప్పుడు చెబుతాను.